ఆరు సెకన్ల ఎర్ర లైటు

2010 ఫిబ్రవరి 8, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. ఆనాటి జాబ్ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. కారు షాపులోకి రాగానే మూడు సంగతులు రాయడం నా పద్ధతి: వచ్చిన సమయం, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, కస్టమర్ చెప్పిన మాట. కస్టమర్ మాటను నా భాషలోకి మార్చకుండా చెప్పింది చెప్పినట్టే రాస్తాను. అందుకే ఆ కార్డు మీద ఇలా ఉంది: "గీ ఎర్ర లైటు పోతలేదు అక్కా."

తార్నాక చౌరస్తా నుంచి సీతాఫల్‌మండి వైపు వెళ్లే సందులో నాకు ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. అంటే ఇంజను జోలికి పోకుండా కారులోని వైరింగు, బ్యాటరీ, లైట్లు, మీటర్లు మాత్రమే చూసే షాపు. 1986లో తెరిచాను, 2016లో మూశాను. అంతకుముందు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ ల్యాబ్ చూసేదాన్ని. మాది గుంటూరు జిల్లా. ఈ సంగతి ఇక్కడ రాయాల్సి వస్తోంది గనక రాస్తున్నాను. షాపు తెరిచిన మొదటి ఇరవై మూడేళ్లలో దాన్ని నన్ను అడిగినవాళ్లు లేరు.

ఆ రోజు వచ్చింది ఎస్తేరు. యూనివర్సిటీ క్యాంపస్‌లో కెమిస్ట్రీ చెప్పేది, అమ్మాయిల హాస్టల్‌కి వార్డెన్. నల్లగొండ వైపు పల్లెటూరి క్రైస్తవ కుటుంబం. నాకన్నా పదేళ్లు చిన్న. పదకొండేళ్లుగా నా దగ్గరికే వచ్చేది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం మొదలయ్యాక ఆ విషయంలో మా ఇద్దరికీ మాట కలిసేది కాదు. అయినా దాని మీద నవ్వుకునేవాళ్లం. "రాష్ట్రమొచ్చినా నిన్ను పంపియ్యం అక్కా, మా లైట్లు ఎవరు జేస్తరు?" అనేది. "పంపితే వెళ్లిపోవడానికి నేనేమైనా పార్సిలా?" అనేదాన్ని నేను.

కారు 1999 నాటిది, విదేశీ కంపెనీది, ఆమె సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఆ రోజుల్లో మన దగ్గర ఎయిర్‌బ్యాగ్‌లున్న కార్లు తక్కువ. ఎయిర్‌బ్యాగ్ అంటే స్టీరింగ్ మధ్యలో ఒకటి, పక్క సీటు ఎదురుగా డాష్‌బోర్డులో ఒకటి, మడిచి దాచిన సంచులు. కారు దేన్నయినా గట్టిగా గుద్దితే రెప్పపాటులో ఉబ్బి మొహానికీ డాష్‌బోర్డుకీ మధ్య అడ్డం వస్తాయి. వాటిని తెరవాలా వద్దా అని నిర్ణయించే చిన్న డబ్బాను కంట్రోల్ యూనిట్ అంటారు. ఆ కారులో అది ముందు సీట్లు రెండింటి మధ్య, కార్పెట్ కింద ఉంటుంది.

కీ తిప్పగానే ఆ యూనిట్ తన వైర్లన్నింటినీ తానే పరీక్షించుకుంటుంది. అంతసేపూ డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ కారులో సరిగ్గా ఆరు సెకన్లు. అంతా బాగుంటే ఇంజను స్టార్ట్ చేసినా చేయకపోయినా ఆరో సెకను తర్వాత లైటు దానంతటదే ఆరిపోతుంది. బాగా లేకపోతే వెలుగుతూనే ఉంటుంది, సంచులు పనిచేయడం మానేస్తాయి. ఆ కారులో ఆ రోజుకి రెండు సంచులూ లేనట్టే. ఆ సంగతి చెప్పే పని ఆ లైటుది.

ఇప్పటి కార్లకు స్కానర్ తగిలిస్తే జబ్బు తెర మీద కనిపిస్తుంది. ఆ పాత కారుకి అలా కాదు. రెండు పిన్నులను వైరు ముక్కతో కలిపితే అదే ఎర్ర లైటు మెరుస్తుంది, ఆ మెరుపులు లెక్కపెట్టుకోవాలి. నేను మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ ఒకటే అంకె వచ్చింది. పుస్తకంలో చూస్తే పక్క సీటు వైపు వైరింగు అని తేలింది. బ్యాటరీ తీసేసి, యూనిట్‌లో మిగిలిన కరెంటు పోయేదాకా పది నిమిషాలు ఆగి, మా మెకానిక్ యాదగిరి చేత సీటు ఎత్తించాను.

సీటు కింద ప్లాస్టిక్ టబ్బు, అందులో తడి టవళ్లు. కార్పెట్ పిండితే నీళ్లు కారేట్టుంది.

"ఎస్తేరూ, ఇదేంటి? కారులో బట్టలు ఉతుకుతున్నావా?"

"టియర్ గ్యాస్‌కు అక్కా. పిల్లలు కండ్లు మండి ఉరుకొస్తరు. మొఖానికి తడి టవల్ పెట్టి ఎక్కించుకపోత. టబ్బు యాడ పెట్టాలె మరి, నెత్తి మీదనా?"

"డిక్కీలో పెట్టొచ్చు కదా!"

"డిక్కీ తీసేదాంక కండ్లు ఆగుతయా?"

ఆమె మాటలో తప్పేమీ లేదు. సీటు కింద నీళ్ల టబ్బు పెట్టుకుని కారు నడపడం ఆ సంవత్సరం ఆ క్యాంపస్‌లో మాత్రమే జరిగే పని. ఆ కారు తయారుచేసినవాళ్లు దాన్ని ఊహించి ఉండరు. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ తడిసింది. ఎయిర్‌బ్యాగ్ వైర్లు ఎక్కడైనా పసుపు రంగులోనే ఉంటాయి, ఊరికే ముట్టుకోకూడదని గుర్తు. దాన్ని తుడిచి ఆరబెట్టాం. లైటు పోలేదు. కార్పెట్ లేపి చూస్తే నీళ్లు యూనిట్ దాకా పాకాయి. పిన్నులకు ఆకుపచ్చ చిలుము పట్టింది, ఒక పిన్ను తుడుస్తుంటేనే విరిగింది. యూనిట్ మార్చడం తప్ప వేరే దారి లేదు. చెన్నైకి ఫోన్ చేశాను. బంద్‌లు లేకపోతే మూడు వారాలన్నారు.

ఎస్తేరు ముందే కార్డు మీద నాలుగు మాటలు రాశాను. పక్క సీట్లో ఎవరూ కూర్చోకూడదు. నువ్వు బెల్టు తీయకూడదు. నలభై దాటకూడదు. యూనిట్ మార్చేదాకా లైటు వెలుగుతూనే ఉండాలి.

"ఎవర్నెక్కించుకున్నా ఎన్కనే కూసోబెడ్త, సరేనా?" అంది. సంతకం పెట్టింది. మాట తప్పే మనిషి కాదు.

ఫిబ్రవరి 26, శుక్రవారం, ఆమె మళ్లీ వచ్చింది. అప్పటికి క్యాంపస్ దారుల్లో పోలీసు కంచెలు ఎక్కువయ్యాయి. ఆసుపత్రికి తిరిగే కార్లకు పాస్ ఇచ్చే ఏర్పాటు ఒకటి చేశారు. ఎవరు చేశారో, ఏ ఆఫీసో అనవసరం. కారు కండిషన్‌లో ఉందని షాపు నుంచి కాగితం ఉంటే పాస్ ఇస్తారట. ఆ రోజు మధ్యాహ్నం నుంచి సందులో షట్టర్లు దించమని అప్పటికే కుర్రాళ్లు చెప్పి వెళ్లారు. నేను సామాను లోపల పెట్టిస్తున్నాను.

యాదగిరి కారు దగ్గరి నుంచి కేక వేశాడు. "అమ్మా, కనెక్టర్ మళ్ల సాఫ్ జేసిన. లైటు పోయింది, ఒచ్చి చూడుండ్రి."

నేను కిటికీలోంచి తొంగి చూశాను. లోపల కూర్చుని అతనే కీ తిప్పాడు. లైటు వెలిగింది. వెంటనే ఇంజను స్టార్ట్ చేశాడు. లైటు ఆరింది.

"విరిగిన పిన్ను సంగతి?"

"సోల్డర్ బెట్టి అతికిన."

ఎస్తేరు నా వైపు చూడకుండా పర్సులో ఏదో వెతుకుతోంది. ఆ సంగతి ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు నాకు పట్టలేదు. తడి ఆరితే ఇలాంటి జబ్బులు ఒక్కోసారి వాటంతటవే పోతాయి, మళ్లీ వస్తాయి. అలాగే అయ్యుంటుందనుకున్నాను. "యూనిట్ రాగానే ఎలాగూ మార్చాలి" అన్నాను. కాగితం మీద "కండిషన్ బాగుంది" అని రాసి సంతకం పెట్టాను, సమయం పదకొండు యాభై అని వేశాను. షాపు తెరిచిన నాటి నుంచి స్క్రూల దగ్గర్నుంచి సెకన్ల దాకా లెక్కపెట్టిన మనిషిని, ఆ ఒక్క రోజు లెక్కపెట్టలేదు.

మార్చి 11, గురువారం. హాస్టల్ ముందు రిలే దీక్షలో కూర్చున్న లావణ్య అనే ఎం.ఏ. విద్యార్థిని కళ్లు తిరిగి పడిపోయింది. అడిక్‌మెట్‌లో గది తీసుకుని చదువుకునే పిల్ల, వయసు ఇరవై రెండు. ఎస్తేరు అప్పుడు క్లాసులో ఉంది. పాస్ ఉన్న కారు కాబట్టి అవసరమైనప్పుడు ఎవరో ఒకరు తీసుకెళ్లడం అప్పటికే అలవాటైపోయింది, తాళం హాస్టల్ ఆఫీసులోనే ఉండేది. శ్రీనివాస్ అనే లెక్చరర్ తాళం తీసుకున్నాడు. వెనక సీటు నిండా వాటర్ క్యాన్లు, కరపత్రాల కట్టలు. లావణ్యను పక్క సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి బయల్దేరాడు. మెట్టుగూడ దగ్గర అడ్డం వచ్చిన ఆటోను తప్పించబోయి, పోలీసులు రోడ్డు మీద పెట్టిన సిమెంటు దిమ్మెను ఎదురుగా గుద్దాడు. ఒక్క సంచీ తెరుచుకోలేదు. లావణ్య మొహం డాష్‌బోర్డుకి కొట్టుకుంది. కళ్లద్దాలు పగిలి ఎడమ కంట్లో దిగాయి.

మార్చి 13, శనివారం, విద్యార్థులు పన్నెండు మంది కారును తాళ్లు కట్టి లాక్కొచ్చి నా షాపు ముందు నిలబెట్టారు. ముందుభాగం అంతా నొక్కుకుపోయింది. గడ్డం ఉన్న ఒకతని చేతిలో నేనిచ్చిన కాగితం ఉంది.

"ఏంది మేడం, కండిషన్ బాగుందని రాసిచ్చిండ్రు. మరి సంచులు ఎందుకు తెరుచుకోలే?"

వెనక నుంచి ఇంకొకడు అన్నాడు. "ఆంధ్రోళ్ల షాపుల ఇయ్యొద్దని నేను జెప్పలేదారా?"

"మా పిల్ల కన్ను తెచ్చిస్తరా మేడం?"

"ఉండండి. మీ ముందే విప్పి చూస్తాను," అన్నాను. నాకు భయం లేదు. నేను రాసింది నిజమని నమ్ముతున్నాను.

కీ తిప్పాను. ఇంజను స్టార్ట్ చేయకుండా అలాగే ఉంచాను. లైటు వెలిగింది. బయటికే లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. లైటు ఆరలేదు. ఇరవై దాకా లెక్కపెట్టాను. ఆరలేదు. దాని పక్కన ఆయిల్ లైటు కూడా వెలుగుతూనే ఉంది. ఆయిల్ లైటు పద్ధతి వేరు. అది కీ తిప్పినప్పుడు వెలిగి, ఇంజను స్టార్ట్ అయితేనే ఆరుతుంది. జబ్బుంటే ఇంజను స్టార్టయినా ఆరకూడని ఎర్ర లైటు, ఆ శుక్రవారం ఇంజను స్టార్టవగానే ఆరింది. అది కూడా ఆయిల్ లైటు లాగే ఇంజను కోసం ఎదురుచూస్తోందంటే ఒకటే అర్థం. మీటర్ల పెట్టె బయటికి లాగి చూశాను. ఎయిర్‌బ్యాగ్ లైటు వైరును యూనిట్ నుంచి తెంపి, ఆయిల్ లైటు వైరుకి కలిపారు. ఇక కంట్రోల్ యూనిట్ ఎంత మొత్తుకున్నా ఆ లైటు దాకా రాదు. ఇంజను స్టార్ట్ అవగానే రెండూ ఒక్కసారే ఆరిపోతాయి. చూసేవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది.

అతుకు మీద టేపు. టేపు మీద నల్ల దారం మూడు చుట్లు, చివర ముడి. ఎండకు టేపు జిగురు కరిగి ఊడిపోకుండా దారం చుట్టాలని 1991లో నేను యాదగిరికి నేర్పాను. తార్నాకలో ఇంకే షాపులోనూ అలా చుట్టేవారు కాదు.

అతను బల్ల దగ్గర టెస్టర్ పట్టుకుని నిలబడ్డాడు. నేల చూస్తున్నాడు. నోరు తెరుస్తాడని నేను ఆగాను. పది దాకా లెక్కపెట్టుకున్నాను. తెరవలేదు.

"కాగితం మీద సంతకం నాది. సరిగ్గా చూడకుండా పెట్టాను," అన్నాను విద్యార్థులతో. అబద్ధం చెప్పలేదు. ఉన్నదంతా చెప్పనూ లేదు. చెబితే ఆ పన్నెండు మంది అతన్ని అక్కడే కొట్టేవాళ్లు. కొట్టనివ్వాల్సిందని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు. నా దగ్గర లెక్క లేనిది అదొక్కటే. గడ్డం అతను కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి నా బల్ల మీద వేశాడు. వెళ్లిపోయారు.

షట్టరు సగం దించి యాదగిరిని అడిగాను. "ఎవరు చేయమన్నారు?"

"ఎస్తేర్ మేడం. లైటు వెలుగుతుంటే పాస్ ఇయ్యం అన్నరంట. కారు లోపటికి తొంగి చూసి, ఎర్ర లైటున్నది, తీసెయ్యుండ్రి అన్నరంట."

"తీసెయ్యమంటే లైటు తీసేస్తావా? జబ్బు తీసెయ్యాలిరా!"

"పాస్ లేకపోతే పిల్లలు క్యాంపస్‌లనే ఉండిపోతరమ్మా. పొగల ఊపిరాడక పడిపోయినోళ్లను ఈ చేతులతోనే ఎత్తిన నేను."

"నాకెందుకు చెప్పలేదు? పిన్నుకి సోల్డర్ పెట్టానని నా మొహం మీద అబద్ధం చెప్పావే!"

టెస్టర్ వైరును వేలికి చుట్టుకున్నాడు. తర్వాత అన్నాడు. "మీరు ఒప్పుకోరని."

"ఒప్పుకోను. ఎవరి కారైనా ఒప్పుకోను. నీకు తెలియదా?"

"గట్ల గాదమ్మా. మీరు అటోళ్లు గదా. ఇది మా ఉద్యమం పని అనుకున్న. మీకెందుకని..."

పద్దెనిమిదేళ్ల ఏడు నెలలు నా పక్కన పనిచేశాడు. అతని పెళ్లికి భువనగిరి వెళ్లాను. అతని కూతురికి అక్షరాలు దిద్దించాను. ఎయిర్‌బ్యాగ్ వైరుకి ఇటు, అటు ఉంటాయని ఆ రోజే తెలిసింది నాకు. "టెస్టర్ బల్ల మీద పెట్టి వెళ్లు," అన్నాను. పెట్టి వెళ్లాడు.

మార్చి 15న ఆసుపత్రికి వెళ్లాను. శ్రీనివాస్ ఛాతీకి కట్టుతో మంచం మీద ఉన్నాడు. నేనెవరో చెప్పగానే అడగకుండానే అన్నాడు. "డాష్‌బోర్డు చూసిన మేడం. నేను కొత్త కారెక్కితే ముందు అదే చూస్త. ఒక్క లైటు లేదు. ఉంటే క్యాన్లు దింపి పిల్లను ఎన్క పండబెడుతుంటి."

ఎస్తేరు వరండాలో దొరికింది. నన్ను చూసి ఏడ్చింది. నాకు జాలి కలగలేదు. నిజం రాస్తున్నాను.

"నాకు యాదున్నదక్కా. నేను నడిపినన్ని రోజులు ముందట ఎవర్నీ కూసోబెట్టలే. ఒక్కరోజు గూడ."

"నీకు గుర్తుంది. శ్రీనివాస్‌కి ఎవరు చెప్పాలి?"

ఆమె చేత్తో కళ్లు తుడుచుకుంది.

"తాళం ఆఫీసులో వేలాడదీశావు. లైటు ఆర్పించావు. నీ బుర్రలో ఉన్నది కారెక్కే ప్రతివాడికీ ఎలా తెలుస్తుంది? తెలియనివాడి కోసమే కదా ఆ లైటు పెట్టింది!"

"పాస్ కోసం జేసిన, నా కోసం గాదు."

"నీ కోసమే చేసి ఉంటే ఇంతకన్నా మేలు. నీ కన్నే పోయేది."

అనకూడని మాట అన్నాను. ఈ రోజుకీ వెనక్కి తీసుకోలేదు. నాతో ముందే ఒక్క మాట చెప్పి ఉంటే, పాస్ ఇచ్చేవాళ్ల దగ్గరికి నేనే వెళ్లి నిలబడేదాన్ని. లైటు వెలుగుతున్నా ఈ కారు నడుస్తుంది, పక్క సీటు ఖాళీగా ఉంచితే చాలని రాసిచ్చేదాన్ని. ఆ కాగితం ఇస్తే ఒప్పుకునేవారో లేదో తెలియదు. అడిగినవాళ్లు లేరు. పాస్ ఇచ్చేవాడికి లైటు కనిపించకపోతే చాలు. ఎస్తేరుకి పాస్ వస్తే చాలు. యాదగిరికి మేడం అడిగిన పని అయితే చాలు. నాకు షట్టరు దించే వేళకు సంతకం అయిపోతే చాలు. నలుగురం కలిసి ఆర్పాం. వాళ్ల ముగ్గురి మీదా నాకు కోపం తగ్గలేదు. నా మీద ఉన్నది ఇంకా పెరిగింది.

లావణ్య పక్కకి వెళ్లాలనిపించలేదు. కానీ వెళ్లాను. కంటికి కట్టు. ఎవరో నా గురించి ముందే చెప్పారు.

"మేడం, లైటు వెలిగితే సారు నన్ను ఎన్కనే కూసోబెడుతుండెనా?"

"అవునమ్మా. ఇప్పుడే అన్నాడు."

ఆమె మంచినీళ్లు అడిగింది. ఇచ్చాను.

సంచి తెరుచుకుని ఉంటే కన్ను దక్కేదా అని చాలామంది నన్ను అడిగారు. తెలియదు. తెలియనిది తెలుసని నేను చెప్పను. లైటు వెలిగి ఉంటే ఆ పిల్ల ఆ సీట్లో ఉండేది కాదు. ఇది మాత్రం తెలుసు.

ఆ తర్వాత ఆరేళ్లు షాపు నడిపాను. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ఏ కారు వచ్చినా కస్టమర్‌ని లోపల కూర్చోబెట్టి, కీ అతని చేతే తిప్పించి, ఇంజను స్టార్ట్ చేయనివ్వకుండా ఇద్దరం కలిసి బయటికి లెక్కపెట్టేవాళ్లం. విసుక్కున్నవాళ్లున్నారు. "టైం లేదు మేడం" అన్నవాళ్లను షాపులోంచి పంపించాను. పాత కారు కొనేవాళ్లు ఈ పరీక్ష మీరే చేసుకోండి. ఎన్ని సెకన్లో మీ కారు పుస్తకంలో ఉంటుంది. కీ తిప్పండి, ఇంజను ముట్టుకోకండి. లైటు అసలు వెలగకపోయినా, వెలిగి దానంతటది ఆరకపోయినా, ఇంజనుతో పాటే ఆరినా ఆ కారులో మీ పిల్లల్ని ఎక్కించకండి.

పోయినవాటి లెక్క ఇది.

లావణ్య ఎడమ కన్ను. శ్రీనివాస్ పక్కటెముకలు రెండు విరిగాయి, అవి అతుక్కున్నాయి కాబట్టి లెక్కలో వేయడం లేదు. అతను మళ్లీ స్టీరింగ్ పట్టుకోలేదు, అది వేస్తున్నాను. యాదగిరి, పద్దెనిమిదేళ్ల ఏడు నెలలు. ఎస్తేరు, పదకొండేళ్లు. ఆ మార్చి 14 తెల్లారేసరికి నా షాపు బోర్డు మీద ఎవరో తారు పూశారు, తుడిస్తే నా పేరు కూడా పోయింది. చెన్నై నుంచి యూనిట్ మార్చి 19న వచ్చింది, పెట్టె విప్పలేదు. నేను లెక్కపెట్టని సెకన్లు, ఆరు.